పెట్టెకి గీతైనా పడలేదు

పన్నెండేళ్ళ కిందట హైదరాబాద్ నుంచి విశాఖకి ఇల్లు మారుతూ, నా దగ్గరున్న రెండు పెద్ద స్పీకర్లని సామాన్లు మోసే ఒక సంస్థ చేతిలో పెట్టాను. పేరెందుకులెండి. వాళ్ళ ప్యాకింగ్ చూసి నేనే ముచ్చటపడ్డాను. ముందు గాలిబుడగల ప్లాస్టిక్, దాని మీద అట్ట, అట్ట మీద మళ్ళీ ప్లాస్టిక్ చుట్ట. మూడో రోజున లారీ వచ్చింది. విప్పి, చుట్టూ తిరిగి, టార్చి వేసి మరీ చూశాను. పెట్టెకి గీతైనా పడలేదు. సంతకం పెట్టి, కుర్రాళ్ళకి టీ డబ్బులిచ్చి పంపేశాను.

రాత్రి పాట పెట్టాను. ఎడమవైపు స్పీకర్లో ఘంటసాల గొంతు పక్కనే ఎవరో గరుకు కాయితంతో చెక్కని రుద్దుతున్న చప్పుడు. మర్నాడు డాబాగార్డెన్స్‌లో రిపేరు చేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాను. కోన్ మీద రెండు బొటనవేళ్ళూ ఆనించి, మెల్లగా నొక్కి, వదిలి, తేల్చేశాడు. "మేగ్నెట్ జరిగిపోయింది సార్. ఎక్కడో ఎత్తి పడేశారు దీన్ని."

పెట్టె పడింది. చుట్టూ ఉన్న అట్టలు ఆ దెబ్బని మింగేశాయి. లోపల జిగురుతో అతికించిన అయస్కాంతం మాత్రం తన బరువు కొద్దీ తను వెంట్రుకంత ముందుకెళ్ళి ఆగింది. ఆ వెంట్రుకంత చాలు.

ఈ పాత గాయం మళ్ళీ సలపడానికి కారణం మొన్న వేసవిలో వచ్చిన ఫోను. చేసినాయన స్టీల్‌ప్లాంటు ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు, కూర్మన్నపాలెంలో ఉంటారు. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను గురువుగారూ అంటాను, ఆయన నన్ను నువ్వు అంటారు.

"వన్‌టౌన్‌లో ఓ హాలు పడగొట్టేస్తున్నారు. తెర వెనక రెండు పెట్టెలున్నాయి. కొనేశాను. ఆదివారం బండి మాట్లాడాను, నువ్వు రా."

"ఏం పెట్టెలండీ?"

"చెప్తే నీకు నిద్ర పట్టదు. రా, చూద్దువుగాని."

తెర వెనక

సినిమా హాలు తెర వెనక్కి వెళ్ళి చూసినవాళ్ళు తక్కువ. తెర నిండా సన్నటి రంధ్రాలుంటాయి, మాట బయటికి రావడానికి. వెనక నిలబడితే హాలంతా జల్లెడలోంచి చూసినట్టుంటుంది. ఇక్కడ గబ్బిలాల కంపు, తడిసి ఆరిన గోనె వాసన. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను పట్టుకెళ్ళిన రేకుల చోట కొత్తవి వేశారు, అవి మాత్రం మెరుస్తున్నాయి. వాటి కిందే, చెక్క వేదిక మీద, జనం వైపు ముఖం పెట్టుకుని రెండు బీరువాలంత పెట్టెలు. గురువుగారు టార్చి వెనకవైపు తిప్పి, రేకుపలక మీద దుమ్ము తుడిచారు. ఆల్టెక్ లాన్సింగ్. వాయిస్ ఆఫ్ ది థియేటర్.

నిజమే, ముందు రోజు చెప్పుంటే నిద్ర పట్టేది కాదు.

ఆ పేరు తగలనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. టాకీలొచ్చిన కొత్తలో అమెరికా హాళ్ళలో ధ్వని యంత్రాలు పెట్టి, వాటి బాగోగులు చూసింది వెస్టర్న్ ఎలక్ట్రిక్. ఆ సర్వీసు మనుషులు 1930ల చివర విడిపడి సొంతంగా పెట్టుకున్న కంపెనీయే ఆల్టెక్. 'ఆల్ టెక్నికల్' అన్న మాటని కుదిస్తే వచ్చిన పేరు. 1941లో జేమ్స్ లాన్సింగ్ అనే ఆయన స్పీకర్ల కంపెనీని కొనేసింది. 1945లో ఈ వాయిస్ ఆఫ్ ది థియేటర్ వరుసని తెచ్చింది. మరుసటేడే లాన్సింగ్ బయటికొచ్చి వేరు కుంపటి పెట్టాడు. మన కుర్రాళ్ళు బీచ్‌లో చంకన పెట్టుకు తిరిగే డబ్బాల మీద కనిపించే జేబీఎల్, ఆ కుంపటే.

మావి ఏ-7 అనే రకం. టేపు పెట్టి కొలిచాం. నాలుగున్నర అడుగుల ఎత్తు, రెండున్నర వెడల్పు, రెండడుగుల లోతు. బరువు ఒక్కోటీ 60 కిలోల పైమాటే. లోపల 15 అంగుళాల ఊఫర్ ఒకటి తబలాలూ ఢోలక్‌లూ చూసుకుంటుంది. 500 హెర్ట్జ్ దాటిన గొంతులూ వయొలిన్లూ, కొన్ని పెట్టెల్లో 800 దాటినవి, అల్యూమినియం హారన్ వంతు. హారన్ వెనక చిన్న కుంపటంత డ్రైవర్ ఉంటుంది, ఎత్తితే చెయ్యి కిందికి లాగేస్తుంది. ఆ రోజుల్లో ఆంప్లిఫయర్లు ఇచ్చేది కొద్దిపాటి వాట్లు. వాటితోనే నేలా బెంచీ బాల్కనీ అన్నీ వినాలి. అందుకే అంతంత పెట్టెలు.

వీటిని చేసినవాళ్ళు మళ్ళీ ఎవరైనా కదుపుతారని అనుకోలేదు. ఓ మూల పిడి లేదు, అడుగున చక్రం లేదు. వినాయక నిమజ్జనానికి డీసీఎం మీద ఎక్కే డీజే బాక్సులతో పోల్చకండి. వాటికి మూలమూలకీ ఇనుప తొడుగులూ పట్టుకోవడానికి గుంటలూ ఉంటాయి, రోడ్డు మీదే పుట్టి రోడ్డు మీదే పెరిగినవి. ఇవి ఒకసారి తెర వెనకకి చేరాక ఏళ్ళ తరబడి ఆ చీకట్లోనే ఉన్నాయి. 70 ఎమ్మెమ్ హాళ్ళలో అయితే తెర వెనక ఇలాంటి వరుసలు అయిదుండేవి. ఆరు ట్రాకుల్లో అయిదు తెర వెనకా, ఒకటి గోడలకీ. డిజిటల్ ధ్వని వచ్చాక ఎన్నో హాళ్ళలో వీటిని దింపి ఇనప్పాత సామాన్లవాళ్ళకి తూకానికి వేసేశారు. హారన్ అల్యూమినియం లెక్కన, కాయిల్ రాగి లెక్కన. కలప పొయ్యిలోకి.

తిరగని బోల్టులు

మొదటి పని విప్పడం. డ్రైవర్‌ని హారన్‌కి వదిలేసి బండి ఎక్కించకూడదు. అంత బరువు హారన్ మెడకి వేలాడుతూ ప్రతి గతుకుకీ ఊగితే మెడ దగ్గర పోత లోహం చిట్లుతుంది. పగుళ్ళు కనబడవు కూడా, మోగించినప్పుడు గలగలమంటుంది. రెండు డ్రైవర్లూ విప్పాం. వాటి నోళ్ళకి గురువుగారు వెంటనే టేపు అతికించారు. లోపల ఉండేది ఉల్లిపొరంత పల్చని లోహపు డయాఫ్రం. దానికి ఏదైనా తగిలిందా అంతే. ఇంకా లోపలికి వెళ్ళి అయస్కాంతాన్నే విప్పబోయేవాళ్ళుంటారు. అప్పటి అయస్కాంతాలు ఆల్నికో, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన ఇనుము. దాని చుట్టూ ఉన్న ఇనుప తొడుగుని ఊడదీస్తే బలం తగ్గిపోతుంది, మళ్ళీ అయస్కాంత శక్తి ఎక్కించి తెచ్చుకోవాల్సిందే.

ఊఫర్ల దగ్గర కథ అడ్డం తిరిగింది. వెనక తలుపు తెరిచి చూస్తే ఎడమ పెట్టెలో బోల్టులు తుప్పుతో కరుచుకుపోయాయి. హుద్‌హుద్ నీళ్ళు అటే కారాయి కాబోలు. తుప్పు వదిలే నూనె కొట్టి గంటసేపు ఆగుదామన్నారు గురువుగారు. హాలు ముందు టీ బడ్డీ దగ్గర కూర్చున్నాం. ఆ గంటలో మాటలు ఎక్కడెక్కడికో పోయి రఘుపతి వెంకయ్య నాయుడి దగ్గర ఆగాయి.

తెలుగు సినిమా పితామహుడని దండలు వేస్తాం. ఆయన పేర రాష్ట్ర ప్రభుత్వ అవార్డుంది. కానీ నాకు ఆయనంటే గౌరవం వేరే సంగతికి. బందరు నుంచి మద్రాసు వెళ్ళి ఫొటో స్టూడియో పెట్టుకున్న మనిషి, 1909 ప్రాంతంలో ఫ్రాన్స్ వాళ్ళ గోమాంట్ కంపెనీ యంత్రం క్రోనోమెగాఫోన్ తెప్పించాడు. 30 వేల రూపాయలు పెట్టాడంటారు. అప్పటికి టాకీ లేదు. తెలుగులో తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' తెరకెక్కడానికి ఇంకా ఇరవై ఏళ్ళ పైమాట, 1932 దాకా ఆగాలి. ఈ యంత్రంలో బొమ్మ ఒకవైపు ఆడుతుంటే దానికి జతగా గ్రామఫోన్ రికార్డు తిరుగుతుంది. కరెంటు ఆంప్లిఫయర్ పుట్టని కాలం కాబట్టి, రికార్డు మీది సన్నటి గొంతుకి ఒత్తిడి గాలితో బలమిచ్చి పెద్ద బాకాల్లోంచి జనం మీదికి వదిలేవారు. ఆ సరంజామా అంతా వేసుకుని ఆయన మన ఊళ్ళు తిరిగాడు, బర్మా వెళ్ళాడు, సింహళం వెళ్ళాడు.

"లక్క రికార్డులయ్యా! వేలు తగిల్తే పగిలేవి," అన్నారు గురువుగారు. "వాటినేసుకుని రంగూన్ వెళ్ళొచ్చాడంటే ఆ పెట్టెలు సర్దినవాడెవడో వాడికీ ఓ దండ వెయ్యాలి."

అది నాకు నిజంగా పట్టే మాట. స్పీకర్‌ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మోసుకెళ్ళిన తొలి తెలుగువాడెవరంటే నేను వెంకయ్య పేరే చెప్తాను. ఆయన బాకా ఎన్నిసార్లు సొట్టపడిందో, ఏ రికార్డు ఏ స్టేషన్లో పగిలిందో మనకి ఎవరూ రాసిపెట్టలేదు.

గంట తర్వాత కుడి పెట్టె బోల్టులు కదిలాయి. ఎడమవి నాలుగింటిలో రెండు కదిలాయి, రెండు ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలెట్టాయి, చెక్కలో దిగిన నట్టు పట్టు వదిలేసింది. నేను పటకారు అందుకున్నాను. గురువుగారు చెయ్యి పట్టుకు ఆపేశారు. బలవంతం చేస్తే స్పీకర్ చట్రం వంకర పోతుంది, లేదా పలక చీలుతుంది. విప్పగలిగితే విడిగా తీసుకెళ్ళడం మేలే గానీ, విప్పలేనిదాన్ని విరగ్గొట్టి తీసుకెళ్ళేం చేస్తాం. ఊఫర్లు రెండూ పెట్టెల్లోనే ప్రయాణం చెయ్యాలని తేలింది.

వైరు ముక్క

ఇక్కడ గురువుగారు నేనెన్నడూ చూడని పని ఒకటి చేశారు. జేబులోంచి జానెడు రాగి వైరు తీసి, ఊఫర్ వెనకున్న రెండు టెర్మినళ్ళనీ దాంతో కలిపేశారు.

"షార్ట్ చేసేశారేంటండీ!"

"ముందు కోన్ మీద చెయ్యి పెట్టు. ఇది కుడి పెట్టె, ఇంకా వైరు కట్టలేదు. నెమ్మదిగా తొయ్యి."

తోశాను. అట్టముక్కలా సులువుగా వెనక్కెళ్ళి ముందుకొచ్చింది.

"ఇప్పుడిది."

వైరు కట్టినదాన్ని తోస్తే చెయ్యి ఎక్కడో ఆగుతోంది. తేనెలో గరిటె తిప్పినట్టు, వెళ్తుంది గానీ తొందరపడనివ్వదు. చెయ్యి తీసేసి మళ్ళీ మళ్ళీ తోసి చూశాను, చిన్నపిల్లాడిలా.

సంగతేమిటంటే, స్పీకర్ తిరగేస్తే డైనమో. కోన్ కదిలితే దాని వెనకున్న కాయిల్ అయస్కాంతం మధ్యలో కదిలి కరెంటు పుట్టిస్తుంది. తీగలు విడిగా ఉంటే ఆ కరెంటుకి పోయే దారి లేదు. కలిపేస్తే అది కాయిల్లోనే తిరిగి, తనని పుట్టించిన కదలికకే ఎదురు తోస్తుంది. కరెంటు లేని బ్రేకు. "ముల్లు మీటర్లని ప్లాంటులో ఒకచోట నించి ఇంకోచోటికి పంపేటప్పుడు ఇలాగే షార్ట్ చేసి పంపేవాళ్ళం. లేకపోతే దారి పొడుగునా ముల్లు ఊగిఊగి అరిగిపోతుంది," అన్నారు.

కాయిల్ చుట్టూ ఉండే ఖాళీ ఒక మిల్లీమీటరులో చిన్న వంతు. ఆ సందులో రాగి తీగ ఏ పక్కకీ తగలకుండా ఆడాలి. 60 కిలోల పెట్టె మోస్తున్నామని అందరూ అనుకుంటారు, మోసేది ఆ సందుని. బండి ఎగిరినప్పుడల్లా కోన్ ఊగకుండా వైరు ఆపుతుంది. ఇక అయస్కాంతం బరువంతా చట్రానికి వేలాడకుండా ఉండాలి. వెనక తలుపులోంచి చెయ్యి పెట్టి, అయస్కాంతానికి కిందొచ్చే ఖాళీలో పాత నూలు చీరల మూట ఒకటి గట్టిగా కూరాం, కోన్‌కి అంచైనా తగలకుండా చూసుకుంటూ. ఆ చీరలు గురువుగారి ఇల్లాలివి. ఆవిడకి ఆ సంగతి సాయంత్రం దాకా తెలియదు.

వైరుకి ఎర్రదారంతో ఓ చీటీ కట్టారు. ఆంప్లిఫయర్ కలిపే ముందు ఈ వైరు తీసెయ్యాలని. మర్చిపోతే ఆంప్లిఫయర్ తగలబడుతుంది.

పెద్దాయన లెక్క

ఎత్తడానికి వచ్చినవాళ్ళలో ముగ్గురు కుర్రాళ్ళు, ఒక పెద్దాయన. ఆయన పోర్టులో కళాసీగా చేసి మానేశారు. 1933లో తెరుచుకున్న పోర్టు ఇది. ఓడలోకి మూటలూ యంత్రాలూ ఎక్కించి దించడంలో తరాలు గడిపిన మనుషులున్నారు. క్రేన్లూ కంటైనర్లూ వచ్చాక వాళ్ళ విద్యకి గిరాకీ తగ్గింది గానీ చేతుల్లోంచి పోలేదు. పెద్దాయన పెట్టెని ముట్టుకోలేదు. ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగారు. టాటా ఏస్. తొట్టి పొడవు ఏడడుగుల పైన, వెడల్పు అయిదడుగులకి రెండంగుళాలు తక్కువ.

నేను నా తెలివి చూపించాను. "పక్కపక్కన నిలబెడితే సరిపోతాయి కదా?"

"రొండున్నరా రొండున్నరా ఎంత బాబూ?"

అయిదు. తొట్టి అంతకన్నా తక్కువ. పట్టవు. అడ్డం తిప్పి నిలబెడితే రెండేసి అడుగులు, పడతాయి. "పడతాయి గానీ నిలబడవు," అన్నారు. "ఇంతెత్తు మనిషి ఇంత పీట మీద నిల్చుంటే ఏటవుతాది?"

ఆయన కంటితో చేసిన లెక్కని ఇంటికొచ్చాక నేను కాయితం మీద చేశాను. సరుకుల్ని బండిలో ఎలా కట్టాలో అంతర్జాతీయ నౌకాయాన సంస్థ, కార్మిక సంస్థ, ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం కలిసి 2014లో ఒక నియమావళి తెచ్చాయి. రోడ్డు మీద వెళ్ళే సరుకు బ్రేకు వేసినప్పుడు తన బరువులో 0.8 వంతు బలంతో ముందుకీ, మలుపుల్లో 0.5 వంతు బలంతో పక్కకీ తోస్తుందని లెక్క వేసి కట్టమంటుంది అది. అంటే మన 60 కిలోల పెట్టె ముందుకి 48 కిలోల బలంతో, పక్కకి 30 కిలోల బలంతో తోస్తుంది. రెండడుగుల పీట మీద నాలుగున్నర అడుగుల పొడుగు నిలబెడితే 27 కిలోలకే ఒరుగుతుంది. పెద్దాయన చెప్పింది అదే.

చివరికి రెండింటినీ పక్కకి పడుకోబెట్టారు, ముఖాలు ఎదురెదురుగా, నెత్తులు క్యాబిన్ వైపు. వెల్లకిలా పడుకోబెడితే మళ్ళీ వెడల్పు చాలదు, పైగా కోన్ తన బరువుకి తను కిందికి జారుతుంది. ఇలా అయితే రెండు నోళ్ళూ ఒకదానికొకటి కాపలా. మధ్యలో బొంత. కింద నేరుగా రేకు మీద పెట్టలేదు. ముందు పాత లారీ ట్యూబులు కోసి పరిచారు. దాని మీద చెక్కపట్టీలు వేసి, పైన గోనె పరిచారు. దీన్ని పోర్టులో డన్నేజ్ అంటారు. ఓడ అడుగుకీ సరుకుకీ మధ్యా, సరుకుకీ సరుకుకీ మధ్యా వేసేది. రబ్బరు వేస్తే సరుకు జారదు, సగం కట్టు ఆ రబ్బరే కట్టేస్తుంది.

కట్టడానికి బండి డ్రైవర్ నైలాన్ తాడు తీశాడు. పెద్దాయన దాన్ని పక్కన పడేసి, మంచాలకి అల్లే నవ్వారు చుట్ట తీశారు. తాడు పెట్టె అంచుని కోసుకుంటూ దిగుతుంది, నవ్వారు వెడల్పుగా పరుచుకుంటుంది. అంచుల దగ్గర అట్టమూలలు పెట్టి, బిగించి, మీద చెయ్యి వేసి ఊపారు. పెట్టె కదల్లేదు, బండి కదిలింది. అప్పుడు ఒప్పుకున్నారు.

ప్లాస్టిక్ చుట్ట నేను కొనితెచ్చాను, పాత అలవాటు. అది విప్పనివ్వలేదు. విశాఖలో ఏప్రిల్ ఎండలో పెట్టెని ప్లాస్టిక్‌లో బిగిస్తే లోపల చెమట పడుతుంది, కాయితం కోన్లు మెత్తబడతాయి. నూలు దుప్పటి కప్పి, మీద టార్పాలిన్ వదులుగా వేశారు.

ఇనుప రజను

ఇదంతా కాకముందే, పెట్టెలు ఎక్కించక మునుపు, ఓ గండం గడిచింది. అది మామూలుగా అయితే ఎవరి కంటా పడేది కాదు.

గురువుగారు తొట్టిలో వేలు పెట్టి తీసి నాకు చూపించారు. వేలి మీద నల్లటి మెరుపు. బండి డ్రైవర్ వైపు తిరిగారు. "ముందు రోజు ఏం వేశావు నాయనా?"

"ఆటోనగర్ నుంచి లేతు చెక్కు సార్. తుడిసేసేను కదండీ."

తుడిచాడు. కానీ రేకు మడతల్లో, బోల్టు తలల చుట్టూ, కంటికి ఆనని ఇనుప రజను ఉండనే ఉంది. గాజువాకలో బండి అన్నాక అది ఉండక మానదు. బియ్యం వేస్తే ఫరవాలేదు, బీరువా వేసినా ఫరవాలేదు. అయస్కాంతం ఎక్కితే మాత్రం ఆ రజను కుదుపు కుదుపుకీ లేచి, వెతుక్కుంటూ వెళ్ళి ఆ సన్న సందులోనే దూరుతుంది. ఒకసారి దూరిందంటే ఊదితే రాదు, కడిగితే రాదు. పాడినంతకాలం గీకుతూనే ఉంటుంది.

గురువుగారు సంచిలోంచి ఓ పగిలిన స్పీకర్ అయస్కాంతం తీశారు. దాన్ని పాలిథిన్ కవరులో పెట్టి, తొట్టి అంతా ఇస్త్రీ చేసినట్టు పాకించారు. ఎత్తి చూస్తే కవరు అడుగున నల్లటి ముళ్ళపంది. దూరంగా తీసుకెళ్ళి, కవరు తిరగేసి అయస్కాంతం బయటికి లాగితే రజనంతా కవరులో మిగిలింది. మూడు కవర్లు నిండాయి. డ్రైవర్ తల గోక్కుని, నాలుగోది తనే తుడిచాడు.

విప్పిన హారన్ డ్రైవర్లు రెండూ నా కారు వెనక సీట్లో ఎక్కాయి. చెరో అట్టపెట్టె, చెరో మూల, చెరో సీటు బెల్టు. పక్కపక్కన పెడితే కుదుపు కుదుపుకీ ఒకదాన్నొకటి ఢీకొంటాయి.

ఖాళీ బండి గెంతుతాది

బయల్దేరబోతూ డ్రైవర్ ఓ మాటన్నాడు. "బాబూ, బరువు సాల్దండి. ఖాళీ బండి గెంతుతాది."

ముప్పావు టన్ను మొయ్యడానికి చేసిన బండి. కమాను కట్టలు ఆ బరువుకి తగ్గట్టు బిగుసుకుని ఉంటాయి. 130 కిలోలు వేస్తే వాటికి తెలియనే తెలియదు, ప్రతి గతుకునీ ఉన్నది ఉన్నట్టు పైకి పంపేస్తాయి. పూర్ణామార్కెట్ దగ్గర ఆపి, గురువుగారి ఇంటికి ఎలాగూ కావాలని ఆరు బస్తాల బియ్యం కొన్నాం, 25 కిలోలవి. పెట్టెల కాళ్ళ దగ్గర ఆనించి పేర్చాం. పెట్టెలు వెనక్కి జారకుండా అవే అడ్డు. స్పీకర్ల రవాణా ఖర్చులో బియ్యం కూడా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

కాన్వెంట్ జంక్షన్ నుంచి పోర్టు రోడ్డున వెళ్తే దగ్గరనుకున్నాను. డ్రైవర్ ఒప్పుకోలేదు. లారీలు తిరిగే రోడ్డు దూరానికి నున్నగానే కనబడుతుంది, జాయింటు జాయింటుకీ కొడుతుంది అన్నాడు. జ్ఞానాపురం, కంచరపాలెం మీదుగా ఎన్‌ఏడీకి పోనిచ్చాడు. స్పీడ్ బ్రేకర్ వస్తే దాదాపు ఆపి, ఒక చక్రం తర్వాత ఒకటి ఎక్కించి దించాడు. వెనక ఆటోలవాళ్ళు తిట్టని తిట్టు లేదు. నేను కారులో వెనకాలే వెళ్తూ టార్పాలిన్ అంచునే చూస్తున్నాను.

ఎయిర్‌పోర్టు దాటుతుంటే పక్క సీట్లో ఉన్న గురువుగారు వేలు చూపించారు. "టీయూ-142 దిగింది ఇక్కడే."

2017లో నౌకాదళం విరమింపజేసిన ఆ పెద్ద విమానం చివరగా ఎగిరొచ్చింది ఇక్కడి ఐఎన్‌ఎస్ డేగాకే. ఇక్కణ్ణుంచి బీచ్‌రోడ్డుకి ఎగిరే వీల్లేదు కదా. రెక్కలూ ఒళ్ళూ విప్పి, ముక్కలుగా ట్రైలర్ల మీద ఊళ్ళోంచి తీసుకెళ్ళి, సముద్రం ఒడ్డున మళ్ళీ బిగించారు. దానికి ఎదురుగా ఉన్న ఐఎన్‌ఎస్ కురుసుర సంగతి తిరగేసి. 91 మీటర్ల జలాంతర్గామి, విప్పే వీల్లేదు. 2001 ఫిబ్రవరిలో సేవ ముగిస్తే, నీళ్ళలోంచి ఇసకలోకి లాగి నిలబెట్టి 2002 ఆగస్టుకి మ్యూజియం చేశారు. విశాఖ పిల్లలు ఆదివారం పూట చూసే వింతలు రెండూ రవాణా వింతలే. విప్పగలిగిందాన్ని విప్పారు, విప్పలేనిదాన్ని ఉన్నపళంగా తెచ్చారు. పొద్దున్న తుప్పు బోల్టుల దగ్గర మేం చేసిందీ అదేనని నాకు కాస్త గర్వం వేసింది. గురువుగారితో అనలేదు, నవ్వుతారని.

ఇంకో కథ కూడా గుర్తొచ్చింది. 1974లో అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే పాటల బృందం 'వాల్ ఆఫ్ సౌండ్' పేరుతో స్పీకర్ల గోడ కట్టింది. సరంజామా అంతా కలిపి 75 టన్నుల దాకా ఉండేదట. మోయడానికి నాలుగు ట్రైలర్లు. ఒక ఊళ్ళో పాడుతుంటే పై ఊళ్ళో ఇంకో పరంజా లేచేది. ధ్వని బ్రహ్మాండం. మోత ఖర్చు భరించలేక ఏడాది తిరక్కుండానే ఆపేశారు. ఆరు బస్తాల బియ్యంతో పోయిన మా ఖర్చు నయం.

గాజువాక దగ్గర ఒకసారి గుండె జారింది. ముందు వెళ్తున్న ట్రైలర్, మీద స్టీల్‌ప్లాంటు వైర్ రాడ్ చుట్టలు, హఠాత్తుగా ఆగింది. మావాడూ బ్రేకు తొక్కాడు. టార్పాలిన్ ఒక్కసారి ఎగిరి పడింది. దిగి చూస్తే ట్రైలర్ మీద చుట్టలూ కదల్లేదు, మా పెట్టెలూ కదల్లేదు. కదిలింది ఒక బియ్యం బస్తా, పక్కకి ఒరిగింది.

కూర్మన్నపాలెంలో

ఇరవై కిలోమీటర్ల చిల్లర దారికి గంటన్నర పట్టింది. దించేటప్పుడే చాలామంది పడేస్తారని, ఎక్కించేటప్పుడున్న భయం అప్పుడుండదని పెద్దాయన కుర్రాళ్ళని రెండుసార్లు హెచ్చరించారు. వాళ్ళు పెట్టెని తొట్టి అంచు దాకా జరిపి, ఇద్దరు కిందా ఇద్దరు పైనా ఉండి, కిందపెట్టే చోట ముందే గోనె వేసుకుని దించారు. పాత చీరల మూటలు బయటికొచ్చాయి. ఇల్లాలు వాటిని చూసి గురువుగారి వంక చూశారు. ఆయన స్క్రూడ్రైవర్ వెతుక్కోవడంలో మునిగిపోయారు.

ఆ పూట మోగించరట. సముద్రం గాలి పట్టిన కాయితమూ చెక్కా కొత్త గదికి ఒక రాత్రయినా అలవాటు పడాలంటారు. దాన్లో సైన్సు ఎంతో, సంప్రదాయం ఎంతో నేనడగలేదు. పరీక్ష మాత్రం చేశారు. ముందు రెండు అరచేతులూ కోన్‌కి చెరోవైపు సమంగా ఆనించి, లోపలికి తోసి, చెవి దగ్గరగా పెట్టి విన్నారు. నన్నూ వినమన్నారు. గీకుడు లేదు. ఎడమదాన్లోనూ లేదు, ఆ తుప్పు బోల్టులదాన్లోనూ.

ఎర్రదారం చీటీ చింపి, వైరు ముక్క తీసి జేబులో పెట్టుకున్నారు. గోడ గడియారంలోంచి ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ ఊడదీసి, రెండు తీగల కొసలు టెర్మినళ్ళకి ఆనించారు.

టప్.

15 అంగుళాల కాయితం ముందుకొచ్చి నిలబడింది. తీగ తీస్తే వెనక్కెళ్ళింది. టప్.

కిరాయి తీసుకుని కూడా డ్రైవర్ ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు.

"అంతేనా సార్?"

"ఇవాళ్టికి అంతే నాయనా," అన్నారు గురువుగారు, బ్యాటరీని మళ్ళీ గడియారంలో పెడుతూ. "రేపు సాయంత్రం రా."